రింగాట రోజులు

మా ఊరి గర్ల్స్ హైస్కూల్లో వేపచెట్టుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య రెండు సరుగుడు గుంజలు ఉండేవి. సాయంత్రం నాలుగు దాటగానే వాటికి వల కట్టేవాళ్లం. ఈమధ్య మా మేనకోడలి కూతురి టీసీ పనిమీద ఆ బడికి వెళ్తే గుంజలు లేవు. ఆ జాగాలో అదనపు తరగతి గదులు వచ్చాయి. గదులు కావలసినవే, కాదనను. ఆఖరి బెల్లు కొట్టాక జరిగింది చూసి మాత్రం అక్కడే నిలబడిపోయాను. సంచులు తగిలించుకుని పిల్లలంతా గేటు దాటేశారు. ఆటోలు ఎక్కేవాళ్లు ఎక్కారు, ట్యూషన్లకి పోయేవాళ్లు పోయారు. చూస్తుండగానే ఆవరణ ఖాళీ. ఆడుకోవడానికని ఒక్క పిల్ల కూడా వెనకబడలేదు.

ఎనిమిదో తరగతి పిల్లని ఆపి, "ఇక్కడ రింగాట ఆడతారామ్మా?" అనడిగాను. "అదేంటి ఆంటీ?" అంది. బజార్లో ఆటసామాను కొట్టతను కూడా రింగు అనగానే చిన్నపిల్లలు నీళ్లలో వేసుకుని ఆడే ప్లాస్టిక్ చక్రం తీసి బల్లమీద పెట్టాడు. అందుకే ఇది రాస్తున్నాను.

రింగంటే ఎర్ర రబ్బరు చక్రం. జానెడుకి తక్కువ వెడల్పు, బొటనవేలంత మందం. ఎండలో కాసేపు పడి ఉంటే కొత్త చెప్పుల వాసన వేసేది. ఆట పుస్తకంలో దాని పేరు టెన్నికాయిట్. ఓడల డెక్కుల మీద ప్రయాణికులు పొద్దుపోవడానికి ఆడుకున్న ఆట నేల మీదికి దిగి, ఎలా వచ్చిందోగాని మన ఆడపిల్లల బళ్లలో స్థిరపడింది. నియమాలు చెప్పుకోవడానికి చాలా సులువు. వచ్చిన రింగుని ఒంటిచేత్తో పట్టాలి. పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. రెండో చెయ్యి తగిలితే పాయింటు పోతుంది. పట్టుకుని నడవకూడదు. పైనుంచి కిందికి కొట్టకూడదు, చెయ్యి కిందినుంచి పైకే లేవాలి.

ఈ ఆటనే మాకెందుకు ఇచ్చారని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చోటు తక్కువ పడుతుంది. ఒకరినొకరు తాకే పని లేదు. చెయ్యి భుజం దాటి లేవదు కనక ఓణీ జారదు. పెద్దవాళ్లకి అభ్యంతరం చెప్పే సందు దొరకని ఆట అది. అలా సందు చూసి తెచ్చినవాళ్ల తెలివికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఎందుకంటే ఆ చిన్న చోటులో మేం నేర్చింది చిన్న విద్య కాదు. రింగుని వేళ్లతో తిప్పి వదిలితే వల దాటాక అది పక్కకి ఒరిగి దిగుతుంది. ఎదుటి పిల్ల కళ్లు ఒకవైపు, మన మణికట్టు ఇంకోవైపు. బాగా పట్టినప్పుడు అరచేతిలో 'ఠప్'మని మోగేది. ఆ మోత వినే ఎవరు ఆడుతున్నారో చెప్పగలిగేవాళ్లం. కొత్తగా చేరిన పిల్లలకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలి, చీలి, వారం తిరిగేసరికి గట్టిపడేది. ఇంట్లో అన్నంలో చారు కలుపుకుంటే అక్కడ మండేది. ఆ మంట అమ్మకి తెలియకుండా తినడం కూడా ఆటలో భాగమే.

ఆటసామాను గది అని వేరే లేదు. ప్రయోగశాల పక్కన మెట్ల కింద ఒక ట్రంకుపెట్టె, దానికో తాళం. అందులో రింగులు, రెండు వలలు, చిరిగిన త్రోబాలు, స్కిప్పింగ్ తాళ్లు, బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు, అట్టపెట్టెలో పసుప్పచ్చ ఊలు బంతులు. బాల్ బ్యాడ్మింటన్ అప్పటికి మన జిల్లాల్లో మగవాళ్లకి పెద్ద ఆట. వరంగల్లు పిచ్చయ్యగారికి 1970లో ఆ ఆటలోనే అర్జున అవార్డు వచ్చింది. మా బడిలో మాత్రం ఒక్కో బంతికీ రిజిస్టరులో సంతకం పెట్టాలి. మంచు పడిన పొద్దున ఆడితే ఊలు తడిసి బరువెక్కుతుంది, విప్పుకుపోతుంది. అందుకని ఎండ ఎక్కాకే పెట్టె తెరిచేవారు. నేల మీద గీతలు గీసే పని వంతుల వారీగా వచ్చేది. చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో సున్నం పోసి, పురికొస పట్టుకుని, వంగి వెనక్కి నడుచుకుంటూ గియ్యాలి. ఓణీ కొంగు నడుముకి చుట్టి, పిన్నీసు పెట్టి, లంగా అంచు రెండంగుళాలు పైకి దోపుకుంటే మా క్రీడా దుస్తులు సిద్ధం. జడలు మడిచి రిబ్బన్లు కట్టడం మాత్రం తప్పనిసరి. విడిజడ ఖోఖోలో పట్టుబడడానికి చాలా అనువైన వస్తువు.

ఆడపిల్లకి ఆటలు అంతకుముందు లేకేం? తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, కోతికొమ్మచ్చి, అన్నీ ఉన్నాయి. ఉన్నవాటికల్లా ఒక గడువు ఉండేది. పిల్ల పెద్దమనిషి అయిన రోజున వీధిలో ఆట సరి. ఆ తర్వాత అరుగు మీద గవ్వలూ గచ్చకాయలూ. హైస్కూలు వచ్చి ఆ గడువుని కొన్నేళ్లు ముందుకి జరిపింది. ఇది అక్షరాలా ఒక మనిషి చేసిన పని. ప్రతి ఊళ్లోనూ ఒక మనిషి. పాఠశాల ఫొటోల్లో వరస చివర నిలబడి ఉంటుంది, డ్రిల్లు టీచరు.

మద్రాసులో హారీ క్రో బక్ 1920లో నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల, హైదరాబాదు దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ కళాశాల, ఇలాంటి చోట్ల చదువుకుని వచ్చినవాళ్లు ఊళ్లలో ఈ ఆటలు నాటారు. వాళ్లలో ఆడవాళ్లు బహు కొద్దిమంది. మా టీచర్ తెల్ల నేతచీర కట్టి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపి, కింద కాన్వాసు బూట్లు తొడిగేవారు. మెడలో నల్లతాడుకి ఈల. ఊళ్లో చీర కింద బూట్లు వేసుకున్న మనిషి ఆవిడ ఒక్కరే. బజార్లో నడుస్తుంటే మగవాళ్లు ఆ బూట్ల వైపు చూడడం నాకు గుర్తుంది. ఆవిడ చూపు తిప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు.

బళ్ల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలకి జట్టు ఎంపికయ్యాక ఆవిడ అసలు పని మొదలయ్యేది. ఆదివారం పూట ఇంటింటికీ వెళ్లేవారు. మా ఇంటికి వచ్చిన రోజు నాన్న అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"నాకేం అభ్యంతరం లేదు టీచరు గారూ, మా అమ్మ ఒప్పుకోవాలి" అన్నారు నాన్న.

నాయనమ్మ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "ఎదిగిన పిల్లని పొరుగూరు తీసుకెళ్లి పదిమందిలో గెంతించడం ఏవిటమ్మా? రేపు సంబంధాలు రావద్దూ?"

"నాకూ పెళ్లయింది కదండీ పెద్దమ్మగారూ. ఇద్దరు పిల్లలు. మీ మనవరాలిని నా పక్కనే పడుకోబెట్టుకుంటాను. నేనే తీసుకెళ్తాను, నేనే తెచ్చి మీ గుమ్మంలో అప్పజెప్తాను."

నాయనమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అక్కడ తిండి ఎవరు వండుతారు?" అనడిగింది. టీచర్ లేచి, "సోమవారం పొద్దున్న ఆరింటికి బస్సు" అని నాతో చెప్పి వెళ్లిపోయారు. తిండి మాట ఎత్తారంటే ఒప్పుకున్నట్టేనని ఆవిడకి తెలుసు. ఎన్ని అరుగులెక్కితే ఆ సంగతి తెలుస్తుంది!

గ్రిగ్ పోటీలంటే మా జిల్లాల పిల్లలకి పండగ. ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి బడే విడిది. తరగతి గదిలో బెంచీలు గోడవారకి జరిపి, జంపఖానా పరిచి, సంచులే తలగడలుగా పడుకునేవాళ్లం. స్నానాలగది ఉండేది కాదు. తెల్లవారకుండానే టీచర్ లేపి, బ్యాటరీ లైటు పట్టుకుని నూతి దగ్గర కాపలా నిలబడితే, మేం ఒకరి తర్వాత ఒకరం నీళ్లు పోసుకుని వచ్చేవాళ్లం. తెల్లారేసరికి మగపిల్లల జట్లు దిగుతాయి కదా. తిండికి ఇంటినుంచి తెచ్చిన పులిహోర, జంతికలు, ఉడికించిన గుడ్లు. మైదానంలో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, అరటిపళ్లు. గ్లూకోజు పొడి డబ్బా టీచర్ సంచిలో ఉండేది. పరుగు పందెం ముందు అరచేతిలో చెంచాడు వేసేవారు.

పరుగులు వట్టికాళ్లతోనే. ముందురోజు సాయంత్రం మేమే వరసగా నిలబడి పల్లేరుకాయలు ఏరేవాళ్లం. హైజంపుకి రెండు వెదురుగడలు, మధ్యన తాడు, అవతల ఇసక, ఇసక చాలకపోతే ఊక. ఊకలో పడ్డ పిల్ల మర్నాటిదాకా దురద పెట్టి గోక్కుంటూనే ఉండేది. ఇనపగుండు విసరడానికి మొదట్లో ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. కండలు వస్తే పెళ్లి కాదని భయం. మా బడిలో చాకిరేవు ఇంటి పిల్ల ఒకమ్మాయి ఉండేది. మూటలు మోసిన భుజాలు. ఆ పిల్ల తీసిందంటే గుండు గీతలు దాటి ప్రేక్షకుల దగ్గర పడేది. తరగతిలో వెనక బెంచీలో కూర్చోబెట్టినవాళ్లే ఆ రోజు ఆ పిల్లని భుజాన వేసుకున్నారు. ఆట చేసే ఈ పనికి నేను ఇప్పటికీ ప్రత్యామ్నాయం చూడలేదు.

రింగాట డబుల్స్ ఫైనల్లో నా జోడీ అమ్మాయికి బొటనవేలి మొదట్లో చర్మం చీలింది. రబ్బరు మీద నెత్తురు అంటి రింగు జారుతోంది. టీచర్ తన చీర చెంగునుంచి పీలిక చింపి, పసుపు అద్ది కట్టారు. కట్టు కట్టిన చేత్తో పట్టు కుదరక ఆ పిల్ల ఎడమచేతికి మారింది. ఎప్పుడూ ఎడమచేత్తో ఆడింది కాదు. ఎదుటి జట్టుకి ఆ చేతినుంచి రింగు ఎటు వస్తుందో అంచనా దొరకలేదు. అవతల గీత మీద రింగు పడి, లేచి, మళ్లీ పడిన ఆ చప్పుడుకి మైదానమంతా ఈలలు. బహుమతి మూతున్న స్టీలు టిఫిన్ డబ్బా, చెరొకటి. అప్పట్లో ఆడపిల్లల గెలుపంతా స్టీలులోనే కొలిచేవారు. గ్లాసులు, సబ్బుపెట్టెలు, డబ్బాలు. కాపరానికి పనికొస్తాయని ఇళ్లలో అటకమీద దాచేసేవారు. నా డబ్బాని నేను అత్తారింటికి తీసుకెళ్లలేదు, ఉద్యోగానికి తీసుకెళ్లాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అప్పట్లో పైకి అనేవాళ్లం కాదు. నెలసరి రోజుల్లో 'బయట' ఉన్న పిల్ల ఆటకి రానక్కర్లేదని ఇళ్లలో కట్టడి. గుడ్డలతో పరిగెత్తడం మాకూ భయమే. మా టీచర్ ఆ పిల్లల్ని ఇంటికి పంపేవారు కాదు. పక్కన కూర్చోబెట్టి స్కోరు పలక చేతికిచ్చేవారు. సర్వీసు ఎవరిది, ఫౌలు ఎందుకు ఇచ్చారు, పాయింటు ఎటు పోయింది, అంతా రాయాలి. చూసేవాళ్లకి ఫలానా పిల్ల ఎందుకు ఆడట్లేదో తెలియదు, స్కోరరు అనుకుంటారు. అలా వంతుల మీద జట్టులో ప్రతి పిల్లకీ స్కోరు రాయడం, అంపైరుగా నిలబడి ఈల ఊదడం వచ్చేసింది. కట్టడిని ఎదిరించకుండానే దాని లోపలినుంచి ఒక విద్య తీసి మా చేతిలో పెట్టారావిడ.

నేను పదో తరగతిలో ఉండగా, 1984లో, లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కంచుపతకం పోగొట్టుకుంది. టీచర్ ప్రేయరులో పేపరు చదివి వినిపించారు. ఆ తర్వాత మా స్టాప్‌వాచీ చేతిలోకి తీసుకుని, "దీనికి పదోవంతు దాకానే తెలుసు. నూరోవంతు మనకి కనపడదు" అన్నారు. ఆ వారమంతా మేం హర్డిల్స్ కావాలని వెంటపడ్డాం. బడిలో హర్డిల్స్ లేవు. బెంచీలు వరసగా వేసి దూకాం. ఉష పెరిగింది పయ్యోలి అనే చిన్న ఊళ్లోనని, కేరళ ప్రభుత్వం 1976లో ఆడపిల్లల కోసం కన్నూరులో పెట్టిన క్రీడా వసతిగృహంలో నంబియార్ అనే కోచ్ ఆమెని తయారుచేశారని టీచర్ చెబుతుంటే, మన దగ్గర అలాంటిది ఎందుకు లేదన్న బాధ ఆవిడ గొంతులో వినిపించేది. స్వతంత్ర భారతదేశం తరఫున 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి ఆడవాళ్ల పేర్లు కూడా ఆవిడకి కంఠతా వచ్చు. పరుగుకి నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. ఈతకి డాలీ నజీర్, ఆరతీ సాహా. నీలిమకి అప్పుడు పదిహేడేళ్లు. ఆరతికి పన్నెండు కూడా నిండలేదు. "మీ ఈడువాళ్లేనే" అని గుర్తుచేస్తూ ఉండేవారు.

మన దగ్గర లేదనుకున్నది తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి, అంతకుముందే బరువులెత్తుతున్న అక్క నరసమ్మ వెంట తాలింఖానాకి వెళ్లింది. నీలంశెట్టి అప్పన్నగారు నేర్పారు. 2000 సంవత్సరంలో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగుని ఒలింపిక్స్‌లో పెట్టడమే ఆ ఏడాది మొదలు. కండలొస్తే పెళ్లి కాదన్న మాట మా జిల్లాల్లో ఆ తర్వాత మునుపటంత గట్టిగా వినపడలేదు. సికింద్రాబాదులో కీస్ గర్ల్స్ హైస్కూల్లో సంపత్‌కుమార్‌గారి దగ్గర బ్యాటు పట్టిన మిథాలీ రాజ్ 1999లో తన మొదటి వన్డేలోనే సెంచరీ కొట్టేనాటికి పదహారేళ్ల పిల్ల. వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం చేసిన విజయగారి కూతురే పి.వి. సింధు. ఆట ఆడితే ఉద్యోగం వస్తుందని రైల్వేలు చూపించాకే చాలా ఇళ్లలో అరుగు మీది వాదన ముగిసింది. ఆ సంస్థలకి ఆడపిల్లల ఆట పడిన బాకీ చిన్నది కాదు.

ఇప్పటి పిల్లలకి ఉన్నవి చూస్తే కడుపు నిండుతుంది. హకీంపేటలో క్రీడా పాఠశాల ఉంది. గురుకులాల పిల్లలు కొండలెక్కుతున్నారు. మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే 2014లో ఎవరెస్టు ఎక్కి వచ్చింది. విశాఖపట్నం పిల్ల జ్యోతి యర్రాజిని హర్డిల్స్ వైపు నడిపించింది బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడే. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచుపతకం తెచ్చింది. ఆమె పరుగుని మొదట గమనించింది కూడా బడి పోటీల్లోనే. లంగా దోపుకునే అవస్థ లేదు, ముల్లు గుచ్చుకునే కాలు లేదు, ప్యాడ్లు ఉన్నాయి, బస్సులో ఒంటరిగా వెళ్లి వచ్చే ధైర్యం ఉంది. వీటిలో ఒక్కదాన్ని కూడా వెనక్కిచ్చి మా రింగు తెచ్చుకుందామని నేను అనను.

కానీ ఇంకో లెక్క ఉంది. మా బడిలో పతకానికి పనికొచ్చే పిల్లలు వేళ్ల మీద ఉండేవారు. మిగతా అందరం సాదా ఆటగత్తెలమే. రింగు చేతినుంచి జారిపోయేవాళ్లు, ఖోఖోలో మొదటి నిమిషంలోనే దొరికిపోయేవాళ్లు, పరుగులో చివర వచ్చేవాళ్లు. వాళ్లు కూడా ప్రతి సాయంత్రం ఆడారు. ఆడడానికి బాగా ఆడడం అవసరం లేకపోయింది. ఇవాళ ఆట తెలివైన పిల్లని వెతికి, ఎంచి, అకాడమీకి తీసుకుపోతుంది. అది మంచిదే. ఎంపిక కాని పిల్ల మాటేమిటి? ఆమెకి పదో తరగతి మార్కులున్నాయి. అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే బళ్లకి అసలు మైదానమే లేదు. మైదానం ఉన్న సర్కారు బళ్లలో గదులు కట్టడానికి ఆ నేలే దొరుకుతుంది. డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారు అడిగితే ఇచ్చేసే పీరియడు అయింది. ఊలుబంతి తడిసినట్టు ఆ అలవాటు మెల్లగా బరువెక్కి, పోగులు పోగులుగా విడిపోయింది. ఎప్పుడు పోయిందో ఏ ఊరివాళ్లూ చెప్పలేరు.

ఎడమచేత్తో ఫైనలాడిన నా జోడీ అమ్మాయి ఆ తర్వాత దోమలగూడలో చదివి, వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరి, రాయలసీమలో ఒక పల్లె బడిలో రిటైరవడానికి దగ్గరగా ఉంది. మొన్న ఫోనులో ఆ రింగు గుంజలు పోయిన సంగతి చెప్పాను. తను ఏమాత్రం బాధపడలేదు. "గుంజలదేముందే, చెట్టుకి తాడు కట్టుకుంటే చాలు. నా తరగతిలో నలభై రెండు మంది. అయిదుగురు సెలెక్షన్లకి వెళ్తున్నారు, వాళ్లకి కోచ్ ఉన్నాడు. నేను మిగతా ముప్పై ఏడు మందిని చూసుకుంటున్నా. రింగులు దొరకట్లేదు, సైకిలు షాపులో పాత ట్యూబులు కోయించి, రెండు పొరలు అతికించి వాడుతున్నాం. కొంచెం బరువు తక్కువ, గాలికి పోతాయి. నీ దగ్గర పాతవి ఉంటే పార్సిలు చెయ్యి" అంది.